మామకు ముప్పై ఆరు

ఆ రోజుల్లో, లెక్క సరిగ్గా ఉంటే చాలు, లోకం దానంతటదే సరిగ్గా ఉంటుందని నేను నమ్మేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వయసులో ఎమ్మెస్సీ పట్టా, మూడు జతల ఇస్త్రీ బట్టలు, ఒక కాలిక్యులేటరు ఉన్న కుర్రాడు ఇంకేం నమ్ముతాడు? ఆ నమ్మకానికి మా జిల్లాలో జరిగిన సన్మానం ఎలాంటిదో చెబుదామనే ఈ గోడు. ఇన్నేళ్లయినా చెబుతుంటే ఒళ్లు మండుతుంది. మా ఆవిడయితే నేను గొంతు సవరించుకోగానే "మళ్లా మొదలుపెట్టినావా" అని లేచి వంటింట్లోకి పోతుంది. కాబట్టి వినడానికి మీరే దిక్కు.

జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, రాళ్లను పొడి చేసి పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీని ఏలే పెద్దసారుది కోయంబత్తూరు. ఆయనకు ఫిల్టరు కాఫీ, టైముకు రావడం, గోల్ఫ్ ఆట, ఈ మూడూ లేకపోతే ప్రాణం నిలవదు. కాఫీ ఇంటినుంచి తెచ్చుకున్నాడు, టైము మా మీద రుద్దాడు, గోల్ఫ్ కోసం కాలనీ వెనకాల తవ్వి వదిలేసిన గని పక్కన బీడు భూమిని చదును చేయించాడు. గోల్ఫ్ అనగానే టీవీలో కనిపించే పచ్చిక బయలు గుర్తొస్తే దయచేసి చెరిపేయండి. మా మైదానంలో పచ్చగా ఉన్నవి సర్కారు తుమ్మలొక్కటే. గుంత చుట్టూ గడ్డి ఉండాల్సిన చోట ఇసుకలో వాడేసిన ఇంజను ఆయిలు కలిపి పరిచారు. తెల్లగా బయల్దేరిన బంతి గుంతలో పడేసరికి నల్లగా అయ్యేది, దాన్ని తీసి తుడుచుకున్న మా ప్యాంట్లు కూడా అంతే. గుంతలు తొమ్మిదే. పద్దెనిమిది ఉండాలని పుస్తకంలో ఉంది కనుక అదే మైదానాన్ని రెండుసార్లు చుట్టేవాళ్లం.

ఈ ఆటలో ఒక న్యాయం ఉంది. మొదటిసారి చదివినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి (నవ్వకండి, నిజంగానే తిరిగాయి). బంతిని కర్రతో కొట్టుకుంటూ ఒక్కో గుంతలో వేస్తూ మా మైదానాన్ని రెండు చుట్లూ పూర్తి చెయ్యడానికి మంచి ఆటగాడికి డెబ్భై రెండు దెబ్బలు పట్టాలి. మామూలు మనిషికి తొంభయ్యో నూరో పడతాయి. మరి ఇద్దరూ కలిసి పోటీ పడేదెట్లా? అందుకని ఆడలేనివాడికి కొన్ని దెబ్బలు ముందే వదిలిపెడతారు. ఎన్ని వదలాలో ఎవరి దయాదాక్షిణ్యం మీదా ఉండదు. మీరు ఆడిన చివరి ఇరవై ఆటల కార్డులు తీసుకుని, అందులో బాగా ఆడిన పదింటిని ఏరి, అవి డెబ్భై రెండు కంటే ఎంత ఎక్కువో సరాసరి కట్టి, వచ్చినదాంట్లో నూటికి తొంభై ఆరు పాళ్లు తీస్తే మీ అంకె తేలుతుంది. చిల్లర ఉంటే కొట్టేస్తారు. ఆ అంకె పేరు హ్యాండికాప్. ముప్పై ఆరుకు మించి ఎవరికీ ఇవ్వరు. పోటీ రోజున మీరు కొట్టిన దెబ్బల్లోంచి దాన్ని తీసేసి, మిగిలింది ఎవరికి తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. బలవంతుడూ బలహీనుడూ ఒకే గీత మీద నిలబడే ఆట ఇంకెక్కడన్నా చూశారా?

నా కళ్లలో నీళ్లు పెద్దసారు చూశాడు కాబోలు, మరుసటి రోజే నన్ను హ్యాండికాప్ కమిటీకి కార్యదర్శిని చేశాడు. కమిటీ అంటే నేనూ, నా కాలిక్యులేటరూ.

ఇప్పుడు మా మామ గురించి చెప్పాలి. మా అమ్మకు అన్న. పులివెందుల పక్కన పల్లెలో చీనీ తోటలు (బత్తాయిని మా వైపు చీనీ అంటారు), ఫ్యాక్టరీకి రాయి తోలే నాలుగు లారీలు, వీటన్నిటికంటే ముఖ్యంగా ఒక జత ఎద్దులు. మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పెద్ద బండకు ఎద్దుల్ని కట్టి, ఇచ్చిన టైములో ఎవరి జత ఎంత దూరం లాగుతుందో కొలుస్తారు. బ్రహ్మంగారిమఠం నుంచి చెన్నూరు దాకా మామ ఎద్దులు లాగని బండ లేదని మామే చెప్పేవాడు. లారీలు తోలుతున్నాడనే మర్యాదతో పెద్దసారు ఆయన్ని క్లబ్బులో చేర్చుకున్నాడు. మామ ప్రతి ఆదివారం జీపులో దిగి, పంచె ఎగ్గట్టి, ఆ సన్నటి కర్రను పార పట్టినట్టు పట్టుకుని ఒక్కటిచ్చేవాడు. నేల లేచేది, బంతి లేచేది కాదు. వెనకాల కార్డు పట్టుకుని దెబ్బలు రాసే పని నాది. "ఏందిరా రాస్తాండావు? అది గాలికి పోయింది, లెక్కకు రాదు" అనేవాడు. నేను మాత్రం "వస్తుంది మామా" అని మెల్లగా గొణిగి రాసేసేవాణ్ణి.

మామకు ఒక కూతురు ఉంది. ప్రొద్దుటూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల హాస్టల్లో ఉండి, బీయస్సీ లెక్కలు చదువుతూ ఉండేది. మేనరికం కనుక మా ఇద్దరికీ చెయ్యాలని మా అమ్మ ఎప్పుడో అనేసుకుంది. నేనూ అనేసుకున్నాను. మరదలు పైకి ఏమీ అనలేదు గానీ, నేను ఇంటికి పోయినప్పుడల్లా వచ్చి నా కాలిక్యులేటరు తీసుకుని "ఈ మాత్రం దానికి ఇది కావాల్నా బావా?" అని లెక్క నోటితో చెప్పేసేది. మిగిలింది మామ ఒక్క మాట. ఆ మాట కోసం నేను ఐదు నెలలు ఆయన వెనక ఎండలో నడిచాను, తుమ్మముళ్లలో దూరి బంతులు ఏరుకొచ్చాను. నా చెప్పుల్లో గుచ్చుకున్న ముళ్లు లెక్కపెడితే ఏ తండ్రికైనా జాలి కలగాలి.

ఇరవై ఆదివారాలు నిండాయి. వార్షిక కప్పు పోటీకి ముందు పద్నాలుగు మంది సభ్యుల అంకెలు కట్టి నోటీసు బోర్డు మీద అంటించాను. పెద్దసారుకు పద్దెనిమిది. స్టోర్స్ ఆఫీసరుకు ఇరవై రెండు. మామకు మొదట ముప్పై ఆరున్నర దాకా వచ్చింది, చిల్లర కొట్టేస్తే ముప్పై ఆరు. మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ ముప్పై ఆరే.

ఆ సాయంత్రం మామ బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "పద్దెనిమిది... ఇరవై రెండు... ఇరవై... నాకు ముప్పై ఆరు! రేయ్ అల్లుడూ, అందరికన్నా నాదే ఎక్కువ కదరా!" అన్నాడు. ఎక్కువే. అందులో అబద్ధం లేదు. ఆ క్షణంలో నేను నోరు తెరిచి ఉండాల్సింది. కానీ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి "నీ లెక్క శానా బాగుంది" అంటే, అప్పటిదాకా ఒక్క మంచి మాట ఎరగని మనిషి నోటినుంచి వచ్చిన ఆ మాటకు నేను కరిగిపోయాను. మరుసటి రోజు పులివెందుల నుంచి రెండు బస్తాల చీనీకాయలు వచ్చాయి. కాలనీలో ఇంటింటికీ పంచారు. నేనూ నాలుగు తిన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి.

కొంప ముంచింది పెద్దసారు. ఆయనకిచ్చే పళ్లబుట్ట మామ స్వయంగా మోసుకుపోయాడట. పెద్దసారు తనకొచ్చిన తెలుగులో "ఎందుకు పండు?" అని అడిగాడట. మామ సంగతి చెప్పాడట. ఆయన ఎంతో ప్రేమగా "అయ్యో, ముప్పై ఆరు అంటే చివర! అందరికంటే వీకు! పరవాలేదు, మెల్లగా నేర్చుకో" అన్నాడట. పది నిమిషాల్లో మామ జీపు నా క్వార్టరు ముందుంది.

"ఏందిరా చేసినావు నువ్వు? ఊరూరా పండ్లు పంచినానే, నేను తల ఎత్తుకోని తిరగాల్నా వద్దా?"

సరే, మామకు అర్థమయ్యే భాషలో చెబుదామని నా అతి తెలివి. "మామా, బండలాగుడులో ఎద్దుల పళ్లు చూసి కదా పోటీ పెట్టేది? పాలపళ్ల దూడలకు చిన్న బండ, రెండు పళ్లవాటికి ఇంకాస్త పెద్దది, పళ్లన్నీ వచ్చిన ఎద్దులకు పెద్ద బండ. దూడకు పెద్ద బండ కడితే అన్యాయం కదా? ఇదీ అంతే" అన్నాను. మామ మెల్లగా తల ఊపాడు. అర్థమైందనుకుని నేను సంతోషించాను. అర్థమైంది కూడా.

"అంటే, యాభై నాలుగేండ్లు వచ్చినోన్ని, నన్ను పాలపళ్ల దూడల్లో కట్టినావు."

"అది కాదు మామా, మీరు బాగా ఆడిన పదే ఏరి తీసుకున్నా..."

"బాగా ఆడినవి ఏరితేనే ఇంత వచ్చిందా?"

మామ లేచాడు. "వచ్చే ఆదివారం కప్పు గదా. ఆ లోపల ఆ అంకె దింపు. ఆరు అని రాయి. లేదంటే కడప డాక్టరు సంబంధం వాళ్లకు నేను ఆ రోజే మాట ఇచ్చేస్తాండా. ఇంటి మనిషిని పదిమందిలో దూడను చేసినోనికి నా బిడ్డనెట్ల ఇచ్చేది?" అన్నాడు. జీపు పోయింది. ఆ దుమ్ము నా ఇస్త్రీ చొక్కా మీద పడింది.

మీరే చెప్పండి, ఇందులో నా తప్పేమిటి? గాలికి పోయిన ఆ దెబ్బలన్నీ నేను కొట్టానా? అమ్మకు ఫోన్ చేశాను. కడుపున పుట్టినవాడి కష్టం అర్థం చేసుకుంటుందనుకున్నాను. "ఒక అంకె రాసేదానికి నీ సొమ్మేం పోతాంది నాయనా? ఆ మూడు కొట్టేసి ఆరొక్కటే ఉంచితే సరిపాయె గదా! మా అన్న మనసు నొప్పించి నువ్వేం బాగుపడతావు?" అంది. కొట్టేస్తే నిజంగానే ఆరు మిగులుతుంది. ఒక్క గీత, అంతే. పెన్ను తీసుకుని బోర్డు దాకా పోయాను కూడా (ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు). అక్కడే మరదలి ఫోన్ వచ్చింది. జరిగిందంతా అమ్మ ఆమెకు చెప్పేసింది.

"బావా, నాయిన అంకె మార్చినావా?"

"ఇంకా లేదు."

"మార్చొద్దు. నాయిన ఆట నేను చూడలేదా? ముప్పై ఆరంటేనే తక్కువ. నువ్వు ఆరు రాసినావంటే ఆ డాక్టర్నే చేసుకుంటా. భయానికి లెక్క మార్చేటోనితో జీవితాంతం ఎట్ల ఏగేది?"

అంటే, రాయకపోతే మామ డాక్టరుకిస్తాడు. రాస్తే ఆమే డాక్టర్ని చేసుకుంటుంది. ఎటు చూసినా లాభం ఆ డాక్టరుకే, పాపం ఆయన గోల్ఫ్ కర్ర కూడా ముట్టుకోలేదు. తండ్రీకూతుళ్లు చెరో చెవి పట్టుకుని లాగితే మధ్యలో నా తల ఏమైపోవాలో ఎవరూ ఆలోచించలేదు. కోపం పట్టలేక పెన్ను తుమ్మల్లోకి విసిరేశాను. మంచి పెన్ను, మా అమ్మ కొనిచ్చింది.

కప్పు రోజు ఆదివారం పొద్దున్నే మామ వచ్చాడు. పక్కన మరదలు కూడా. బోర్డు మీద ముప్పై ఆరు అలాగే ఉంది. మామ అందరి ముందూ గట్టిగా "నాకు ఎవరి దయా అక్కర్లేదు. సున్నాతో ఆడతా. రాసుకో" అన్నాడు. అప్పుడు నాకేమైందో నాకే తెలియదు. ఐదు నెలల ఎండ, ముళ్లు, దుమ్ము, పోయిన పెన్ను, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "కుదరదు మామా! ఇది నేనిచ్చింది కాదు, మీరొద్దంటే పోయేదీ కాదు! ఇరవై వారాలు ఎండలో పడి మీ చేతుల్తో మీరు సంపాదించుకున్నది! ఒక్క దెబ్బ నేను ఎక్కువ రాయలేదు, ఒక్కటి తక్కువా రాయలేదు! ఆడితే ముప్పై ఆరుతో ఆడండి, లేకపోతే జీపెక్కండి!" అని అరిచాను. మామ నన్ను ఎగాదిగా చూసి, కర్ర తీసుకుని మైదానంలోకి పోయాడు. సంబంధం ఆ బాటనే పోయిందని నాకు ఖాయమైంది. మరదలి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

కోపంలో ఉన్న మనిషి మామూలుగా పాడుచేస్తాడు. మా మామ కోపంలో బాగా ఆడాడు. నా మీదున్న కసి అంతా బంతి మీద తీర్చుకున్నట్టున్నాడు, బంతి తిన్నగా పోయింది. ఆ రోజు ఆయన దెబ్బలు లెక్కపెట్టింది స్టోర్స్ ఆఫీసరు, నేను కాదు. మధ్యాహ్నానికి కార్డులన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. పెద్దసారు ఎనభై ఎనిమిది, అందులో పద్దెనిమిది తీస్తే డెబ్భై. మామ నూట మూడు. ముప్పై ఆరు తీస్తే అరవై ఏడు. అందరికంటే తక్కువ. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ అరవై ఏడే. కప్పు మామది.

పేరు చదివాను. చప్పట్లు కొట్టాల్సిన చోట గుసగుసలు మొదలయ్యాయి. స్టోర్స్ ఆఫీసరు అందరికీ వినబడేలా అన్నాడు. "ఆయన మామ, ఈయన అల్లుడు. సొంత మామకు ముప్పై ఆరు వదిలినాక కప్పు ఇంకెవురికి పోతాది?"

చూశారా ఈ అన్యాయం? ఆ అంకె వేసినందుకు నా పెళ్లి పోయింది, అదే అంకె వేసినందుకు ఇప్పుడు దొంగనయ్యాను! ఒకే లెక్కకు రెండు శిక్షలు ఏ చట్టంలో ఉన్నాయి? మామను అవమానించానని మామ, మామను గెలిపించానని లోకం. కార్డులన్నీ అక్కడే చించి పారేసి ప్రొద్దుటూరు బస్సెక్కుదామనిపించింది. చించేవాణ్ణే, కానీ అంతలో మామ లేచాడు.

"ఎవుడప్పా ఆ మాట అనింది?" అంటూ పంచె ఎగ్గట్టి బల్ల దగ్గరికి వచ్చాడు. "ముప్పై ఆరు నాది! వాడిచ్చింది కాదు. ఇరవై వారాలు ఎండలో పడి నా చేతుల్తో నేను సంపాదించుకున్నది! వాడు ఒక్క దెబ్బ తగ్గించమంటే తగ్గించలే. బిడ్డనియ్యనని బెదిరించినా, అయినా తగ్గించలే. మామకే తగ్గించనోడు మామకు పెంచుతాడా?" అన్నాడు. స్టోర్స్ ఆఫీసరు తల వంచుకున్నాడు. మామ కప్పు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఆ ఎండా, ఇరవై వారాలూ మాత్రం పొద్దున నేను ఆయన మీద అరిచిన మాటలే, పొల్లు పోకుండా. అవి నావని ఆయన ఈనాటికీ ఒప్పుకోడు.

నాలుగు రోజుల తర్వాత మామ ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. మామ జేబులోంచి కాగితం తీసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. "డాక్టరు సంబంధం శానా మంచిది. చదువు, పొడుగు, సంపాదన, ఏం తక్కువ లేదు. అది డెబ్భై రెండు కొట్టే ఆట" అన్నాడు. నేను తల ఊపాను. "నీ సంగతి చూద్దాం. పొడుగు తక్కువ, దానికొక ఎనిమిది. జీతానికి పది. ఎండలో నిలబడితే సొమ్మసిల్లుతావు, ఆరు. ఎద్దు మూతి తిప్పితే మూడు గజాలు ఎగిరి పడతావు, దానికొక పది. పెద్దోళ్ల మీద అరుస్తావు, ఎనిమిది. మొత్తం నలభై రెండు."

నా రక్తం ఉడికిపోయింది. "మామా, ముప్పై ఆరు దాటకూడదు. రూలు" అన్నాను. ఆ ఒక్క వాక్యమే నేను నా పెళ్లిచూపుల్లో మాట్లాడింది.

"సరే, ముప్పై ఆరు. పైన ఆరు మా చెల్లెలి మొకం చూసి మాఫీ. వదలాల్సింది వదిలినాక డాక్టరూ నువ్వూ సమానం. సమానమైనాక ఇంటోడివి కదా, నీకే ఇస్తాండా" అని కాఫీ తాగేశాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. తలుపు వెనక మరదలి నవ్వు వినిపించింది.

ఆ అంకె మీద నా అభ్యంతరం ఇప్పటికీ అలాగే ఉంది. ఇరవై కార్డులు చూడకుండా, సరాసరి కట్టకుండా, నోటికొచ్చినట్టు వేసిన హ్యాండికాప్ అది. ఎనిమిదీ పదీ ఎక్కడినుంచి తెచ్చాడు? పైగా మామకూ నాకూ ఒకే అంకె! ఆయన బంతిని కొట్టలేనందుకు ముప్పై ఆరు, నేను ఉన్నందుకు ముప్పై ఆరు. పెద్దసారు బదిలీ అయ్యాడు, మైదానాన్ని సర్కారు తుమ్మలు మింగేశాయి, కప్పు మామ కొట్టంలో ఎద్దులకు బెల్లం పెట్టే గిన్నె అయింది. నా అంకెను మాత్రం ఎవరూ దింపలేదు.

ఒక్కోసారి ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చెప్పుల్లో ముళ్లతో, చొక్కా మీద దుమ్ముతో, కావలసిన పిల్లను పణంగా పెట్టి ఒక అంకె కోసం అరిచినవాడు. ఇప్పుడు ఆఫీసులో పైవాడు కాస్త కళ్లెర్రజేస్తే ఆ మూడు కొట్టేసి ఆరు ఉంచే రకంగా తయారయ్యాను నేను. వాడి ముందు నిలబడాలంటే నాకే ముప్పై ఆరు వదలాలి. ఆ మాట మొన్న రాత్రి భోజనాల దగ్గర పైకి అనేశాను. అని, ఇన్నేళ్ల కాపురం చూసైనా నా అంకె కాస్త తగ్గించరాదా అని మరదల్ని, అదే, మా ఆవిణ్ణి అడిగాను.

ఆమె పెరుగు వడ్డిస్తూ అంది. "తగ్గిస్తాలే బావా. బాగున్న రోజులు పది ఏరాల గదా. ఆ పొద్దు నువ్వు నాయిన మీద అరిసినావు చూడు, అది ఒకటి. ఇంకా తొమ్మిది తీసుకోనిరా."